కంట్రోల్ బియ్యం అమ్ముకునేవాళ్ల కార్డులు తీసెయ్యాలా వద్దా?

కాశీనగర్ రైతు:
సూటిగా అడుగుతున్నా. ఒడిశాలో మా ఊళ్లో రేషన్ ఇచ్చిన మర్నాడే వీధి మొగలో బండొచ్చి ఆగుద్ది, కొక్కెం త్రాసు తగిలించి కిలో 18 చొప్పున ఆ బియ్యమే కొనేస్తాడు. మనిషికి 5 కిలోలు, కటిక పేదల అంత్యోదయ కార్డుకి 35 కిలోలు, 2023 జనవరి నించి పైసా కూడా కట్టక్కర్లేదు. ఆకలున్నోడు అమ్ముకుంటాడా? అమ్మినోళ్ల కార్డు పీకేసి లేనోళ్లకిమ్మంటాను.

బరంపురం బాబాయ్:
కరెక్టే. ముందు ఆ బండోడ్ని పట్టుకోవాలి.

గుణుపురం వాణి:
అసలా బియ్యం ఏటో చూశారా అన్నా. ఉప్పుడు బియ్యం. మన తెలుగోళ్ల ఇళ్లలో పిల్లలు ముట్టరు. అవి అమ్మి పైన ఇంకో వంద వేసుకుని పచ్చి బియ్యం కొనుక్కుంటారు, కడుపులోకే కదా ఎల్లింది.

కాశీనగర్ రైతు:
ఉప్పుడు బియ్యానికేం రోగమమ్మా? ఒడిశా అంతా తినట్లేదా? రాత్రి నీళ్లు పోసి పొద్దున్న పఖాళ, అదే చద్దన్నం, తింటే ఒంటికెంత చలవో. మా తాతల నించీ ఇక్కడే ఉన్నాం, మేం తింటున్నాం.

మహేంద్రతనయ:
మాకు అరగవు బాబూ. మా అత్తగారు ఇడ్లీకి నానేస్తారు, మిగతావి కోళ్లకి.

కాశీనగర్ రైతు:
చూశారా! ప్రభుత్వం బియ్యం కోళ్లకంట. ఇదే నేననేది.

పర్లాకిమిడి కుర్రోడు:
బియ్యం మానేసి డబ్బులు అకౌంట్లో వేసేస్తే పోద్ది. చండీగఢ్, పుదుచ్చేరిలో 2015లోనే మొదలెట్టారు. ఎవడికి కావలసింది వాడు కొనుక్కుంటాడు, చోళ్లు (రాగులు) కావాలంటే చోళ్లు.

గుణుపురం వాణి:
డబ్బులేస్తే ఇంట్లో ఉంటాయా తమ్ముడూ? ఆడాళ్లకి ఒడిశా ప్రభుత్వం వేసే సుభద్ర డబ్బులు 5,000 పడ్డ రోజు మా వీధిలో ఎవరొచ్చి కూర్చున్నారో తెలుసా, గ్రూపు లోను వసూలు చేసే ఫైనాన్స్ కంపెనీ బాబు. మా అమ్మ ఎందుకు బియ్యం అమ్మిందో చెప్తా వినండి. ఉప్పుడూ కాదు పచ్చీ కాదు, గురువారం కిస్తీ. పది మంది ఆడాళ్లని అరుగు మీద కూర్చోబెడతాడు, ఒక్కరు కట్టకపోయినా మిగతా తొమ్మిదిమందినీ లేవనివ్వడు, వాళ్లేమో మా అమ్మనే తిడతారు. ఇంట్లో అప్పటికప్పుడు డబ్బయ్యేది ఆ బియ్యం సంచొక్కటే. తర్వాత పది రోజులు చోళ్ల అంబలే.

బరంపురం బాబాయ్:
అవతల పాతపట్నంలో ఒకప్పుడు ఇలా కుదరనివ్వలేదు. ఆంధ్రలో 2010లోనే ఆర్డినెన్స్ తెచ్చి వారం వసూళ్లు, ఇంటికొచ్చి కూర్చోవడాలు ఆపేశారు. మనకి రిజర్వు బ్యాంకు 2022 రూలుంది, కిస్తీలన్నీ కలిపి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదని. ఆదాయం ఎంతో రాసేది ఆ ఏజెంటే, ఇంక సగమేటి.

కాశీనగర్ రైతు:
అప్పు చెయ్యమని ఎవరన్నారు?

గుణుపురం వాణి:
2018 తిత్లీ తుపానులో జీడితోట పడుకుండిపోయింది, ఆ ఏడే నాన్నకి ఆపరేషన్. మీరైతే ఏం చేద్దురో చెప్పండి.

కాశీనగర్ రైతు:
తిత్లీ నాకూ వచ్చిందమ్మా, నీ ఒక్కదానికే రాలేదు. 2024 వరి పంటకి క్వింటాకి మద్దతు ధర 2,300, బోనస్ 800, మొత్తం 3,100 అన్నారు, మండీకెళ్తే తేమ అని తాలు అని బస్తాకింత కోసి పంపారు. నా బాధ ఎవడు రాస్తాడు? నాట్లకి పిలిస్తే ఒక్కరు రారు. ఇంట్లో ఊరికే బియ్యం ఉంటే బురదలోకి ఎందుకు దిగుతారు!

మహేంద్రతనయ:
ఆఁ, బయటపడ్డారు.

గుణుపురం వాణి:
అదీ మీ బాధ. బియ్యం ఎవరికి పోతుందని కాదు, బియ్యం ఉంటే మీరిచ్చిన కూలికి తలాడించరని. మా తమ్ముడు తెలంగాణ ఇటుక బట్టీకి ఎందుకెళ్లాడనుకుంటున్నారు, బియ్యం తిని బలిసా?

కాశీనగర్ రైతు:
నోరు జాగ్రత్త. నేను భూస్వామిని కాదు, రెండెకరాలోణ్ణి. కూలీలు దొరక్క పొలం బీడు పెడితే నీ రేషన్‌కి ధాన్యం ఎక్కణ్ణించి వస్తాది? అవును, మనుషులు కావాలి నాకు, అందులో తప్పేటి?

పర్లాకిమిడి కుర్రోడు:
అన్నా, మండీ కోత మీద వేరే టాపిక్ పెట్టండి, నేనూ రాస్తా. కార్డుల సంగతి దాంతో కలపొద్దు.

గుణుపురం వాణి:
తప్పేం లేదు. మొగాళ్లకెంత, ఆడాళ్లకెంత ఇస్తున్నారు నాట్లకి? నడుం వంచేది అందరూ ఆడాళ్లే కదా.

కాశీనగర్ రైతు:
ఊళ్లో ఏది నడుస్తుందో అదే. ఫోన్ చెయ్యి, మాట్లాడదాం.

గుణుపురం వాణి:
ఫోనెందుకు, ఇక్కడే రాయండి. మా వీధి ఆడాళ్లు పక్కనే కూర్చున్నారు, చదివి వినిపిస్తాను.