అప్‌డేట్: టవర్ వెనక గాలి నీడ ఎందుకు సాగిందో తెలిసింది

పోయిన నెల అడిగాను కదా, ప్రాజెక్టు కోసం కర్నూల్లో 60 మీటర్ల టవర్ ఉన్నట్టు ఊహించి కంప్యూటర్లో దాని మీదికి గాలి నడిపిస్తే, వెనక సుడి తిరిగే భాగం (గాలి నీడ) మరీ పొడుగ్గా వస్తోందని, మెష్ (లెక్క కోసం గాలిని ముక్కలు చేసే గళ్ల వల) ఎంత సన్నం చేసినా తగ్గట్లేదని. గాలి వేగం ఐఎస్ 875 (కట్టడాల మీద బరువులు, గాలి లెక్కకు మన దేశ ప్రమాణం) ప్రకారం సెకనుకు 39 మీటర్లే ఇచ్చా. దాంట్లో తప్పులేదు.

అప్పుడు "మెష్ కాదబ్బా, మోడల్ చూడు" అని జవాబిచ్చిన అన్నకు దండం. నేను వాడిన మోడల్ స్టాండర్డ్ కె-ఎప్సిలాన్, అంటే గాలి అల్లకల్లోలాన్ని (టర్బులెన్స్) సగటున అంచనా వేసే సూత్రాలు. అది గాలి గోడను గుద్దే చోట టర్బులెన్స్‌ను అతిగా లెక్కేస్తుంది. దాంతో కప్పు మీద గాలి విడిపోయి వెనక్కి తిరగాల్సింది, బుద్ధిగా అతుక్కుని పోతుంది.

నమ్మక మా మేడ మీద పిట్టగోడ పక్కన కర్రకు ఊలుదారం కట్టి చూశా. ఆషాఢం గాలి కదా, దారం గాలొచ్చే దిక్కుకే ఎదురు తిరిగి కొట్టుకుంది! నా స్క్రీన్ మీద ఆ ఎదురుగాలే లేదు.

తర్వాత జపాన్ ఆర్కిటెక్టుల సంస్థ విండ్ టన్నెల్‌లో (గాలి సొరంగంలో నమూనా పెట్టి) కొలిచి ఇచ్చిన కేసును అదే మోడల్‌తో నడిపా, వెడల్పుకు రెట్టింపు ఎత్తున్న ఒంటి కట్టడం. వెనక గాలి మళ్లీ నేలను తాకే దూరం నాకు కొలతకు దాదాపు రెట్టింపు వచ్చింది. టవర్ వెనక సుడులు అటొకటి ఇటొకటి ఊడిపోవడం స్టెడీ లెక్కకు (కాలంతో మార్పు లేదనుకునే లెక్కకు) పట్టదు మరి.

ఇప్పుడు ఎల్‌ఈఎస్ (పెద్ద సుడులను కాలంతో పాటు నేరుగా లెక్కించే పద్ధతి) పెట్టా. నాలుగు రాత్రులు నడిచింది, మధ్యలో ఒకసారి కరెంటు పోయి మొదటికొచ్చింది. దూరం బాగా తగ్గింది, ఇంకా కొంచెం ఎక్కువే. ఇన్‌లెట్‌లో (గాలి లోపలికొచ్చే వైపు) గాలి ఒడిదుడుకులు సరిగ్గా ఇవ్వాలంట, ఈ వారం అదే పని.