అక్కడివాళ్లు కాదంటేనే మనం మరింత తెలుగువాళ్లం అవుతామా?

సీతమ్మధార నాన్న:
మా అబ్బాయి డల్లాస్ వెళ్లి ఏడేళ్లు. ఇక్కడున్నప్పుడు సింహాచలం రమ్మంటే విసుక్కునేవాడు. పార్కింగ్‌లో ఎవరో "మీ దేశానికి పో" అన్నప్పటి నుంచి ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడడం లేదు. చందనోత్సవానికి వస్తానంటున్నాడు. సంతోషించాలో టెన్షన్ పడాలో తెలియడం లేదు. దెబ్బ తిని తెచ్చుకున్న అభిమానం నిలుస్తుందా?

కంచరపాలెం మనవడు:
నిలుస్తుందండీ. 1999లో మనస్తత్వ పరిశోధకురాలు బ్రాన్స్‌కోంబ్, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ఆఫ్రికన్ అమెరికన్ల మీద చేసిన అధ్యయనం ఇలాంటి మాటే చెప్పింది: వివక్ష ఎక్కువని అనుకున్నకొద్దీ తమవాళ్లతో బంధం గట్టిపడుతుంది, ఆ బంధమే మనసుకు కొంత ఆసరా అవుతుంది.

మా ఇంట్లోనే చూశాను. ముత్తాత బర్మాలోని రంగూన్ రేవులో కూలీ. అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గరున్న మన రేవు పేరే, వాళ్ల నోట తిట్టయింది. 1930 మేలో రేవు కూలీల సమ్మె ముగిసేసరికి మనవాళ్ల మీద దాడులు జరిగాయి. 1962లో సైన్యం గద్దెనెక్కాక వ్యాపారాలు కూడా లాక్కున్నారు. 1964లో నానమ్మావాళ్లు ఓడెక్కి వచ్చేశారు.

ఇక్కడ విశాఖలో కుళాయి దగ్గర "బర్మావాళ్లు ఆగండి" అనేవారట. ఆ తర్వాతే నానమ్మ రోజూ బర్మా ఆడవాళ్లు ముఖానికి వాడే 'తనకా' చెక్కను రాతిమీద అరగదీసి, ఆ పసుపుపచ్చ గంధం రెండు బుగ్గలకూ పూసుకుని నీళ్లకు వెళ్లడం మొదలుపెట్టింది. రంగూన్‌లో ఉన్నన్నాళ్లూ ఒక్కసారీ పూసుకోలేదట!

ఎంవీపీ కాలనీ అక్క:
తమ్ముడూ, అందరికీ అలా జరగదు. నేను మెల్‌బోర్న్‌లో చదువుకున్నాను. బస్సులో పక్కనున్న నాన్న ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే, ఎవరైనా వెక్కిరిస్తారని రెండు సీట్లు వెనక్కి వెళ్లి కూర్చునేదాన్ని. వెక్కిరింపు నన్ను తెలుగుదాన్ని చేయలేదు, నోరు మూయించింది. ఆ సీటు నాకిప్పటికీ గుర్తొస్తుంది.

కంచరపాలెం మనవడు:
నిజమే అక్కా. నానమ్మ సొంత చెల్లెలు అదే ఓడలో వచ్చి, బర్మా మాట ఒక్కటీ మళ్లీ ఎత్తలేదు. నానమ్మ ఉన్నది బర్మా క్యాంపులో, చుట్టూ తనలాంటివాళ్లే. చెల్లెలు అనకాపల్లిలో ఒంటరి. తేడా అక్కడే ఉందని నా నమ్మకం. బాబాయ్, మీ అబ్బాయికి అక్కడ తోడు ఎవరున్నారో కనుక్కోండి.

సీతమ్మధార నాన్న:
రాత్రి అడిగాను. ఆదివారాలు ఎవరితో గడుపుతావురా అంటే కాసేపు మాట్లాడలేదు. "ఎవరూ లేరు నాన్నా" అన్నాడు. చందనోత్సవం దాకా ఆగొద్దు, వచ్చే నెలే రమ్మన్నాను.