బండి స్టార్ట్ అవ్వట్లేదు, అన్నీ చూశాను, ఎవరైనా చెప్పండి ప్లీజ్

అంబాజీపేట కుర్రాడు:
పొద్దున్నుంచీ కొడుతున్నా, బండి స్టార్ట్ అవ్వట్లేదు. పెట్రోలు ఉంది. కరెంట్ ఉంది. ప్లగ్ కొత్తది వేశాను. కిక్ కొట్టీ కొట్టీ మోకాలు పట్టేసింది. తమ్ముడితో తోయించి రెండో గేర్లో క్లచ్ వదిలి కూడా చూశాను. గుడ్ గుడ్ మని రెండు చప్పుళ్లు, అంతే. రేపు భోగి. ఊళ్లో మెకానిక్ షాపులన్నీ మూసేశారు. పండగ రోజు అమ్మని అమ్మమ్మ వాళ్లింటికి తీసుకెళ్లాలి, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. టెన్షన్‌తో బుర్ర పనిచేయట్లేదు. తెలిసినవాళ్లు తొందరగా చెప్పండి.

పాత బండి:
ఏ బండి?

కరీంనగర్ రైడర్:
అన్నా, చోక్ లాగి చూశావా? సైడ్ స్టాండ్ తీసి చూడు. నా బండికి స్టాండ్ వేసి ఉంటే గేర్లో అస్సలు స్టార్ట్ కాదు. హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ కూడా చూడు, పిల్లలు నొక్కేస్తరు. మా ఇంట్ల ఇదే జరిగింది, గంట సేపు కొట్టినంక చూసుకున్నం.

అంబాజీపేట కుర్రాడు:
వంద సీసీ బండి, 2011 మోడల్. సెల్ఫ్ లేదు, కిక్ ఒక్కటే. స్టాండ్ సెన్సర్ గానీ ఎర్ర స్విచ్ గానీ దీనికి లేవు బ్రో. చోక్ లాగే కొడుతున్నా.

కెమిస్ట్రీ లెక్చరర్:
2011 మోడల్ అన్నారు కాబట్టి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కి నీటిని లాక్కునే గుణం ఉంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోనసీమ లాంటి చోట బండి నిలవ ఉంటే ఆ నీరు ట్యాంకులోకి చేరుతుంది. ఒక హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. బండి ముందుగా పీల్చేది ఆ అడుగు నీళ్లనే. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న బళ్లలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు దీనికి తగ్గట్టు మార్చారు. మీ బండి అంతకు చాలా ముందుది. పైపులూ వాషర్లూ ఉబ్బిపోయి ఉండొచ్చు. పాత బళ్లున్న వాళ్లందరూ దీని గురించి ఆలోచించాలని నా మనవి.

పాత బండి:
ముందు ఆయన బండి స్టార్ట్ కానివ్వండి సార్.

రిటైర్డ్ ఫిట్టర్:
తమ్ముడూ, రెండు ప్రశ్నలకి సూటిగా చెప్పు. పెట్రోలు ఉందంటే ట్యాంకులో ఉందా, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్లోకి దిగుతోందా? కరెంట్ ఉందంటే ప్లగ్ దగ్గర రవ్వ కంటితో చూశావా, లేక హారన్ మోగిందని అంటున్నావా?

అంబాజీపేట కుర్రాడు:
ట్యాంకు సగం పైనే ఉంది. హారన్ గట్టిగా మోగుతోంది, ఇండికేటర్లు వెలుగుతున్నాయి. బ్యాటరీ బాగానే ఉంది కదా మరి.

ఆటో ఎలక్ట్రీషియన్:
హారన్ కరెంట్ వేరు, ప్లగ్ కరెంట్ వేరు. ఈ రకం పాత వంద సీసీ బళ్లలో చాలావాటికి ప్లగ్ కరెంట్ బ్యాటరీ నుంచి రాదు. ఇంజిన్‌తో పాటు తిరిగే మ్యాగ్నెట్ పక్కనున్న కాయిల్ నుంచి సీడీఐకి (రవ్వ ఎప్పుడు రావాలో చూసే చిన్న డబ్బా), అక్కణ్నుంచి పెద్ద కాయిల్‌కి, ఆ తర్వాత ప్లగ్‌కి వెళ్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా అవి కిక్ మీద స్టార్ట్ అవుతాయి. హారన్ మోగినంత మాత్రాన ప్లగ్‌కి కరెంట్ ఉన్నట్టు కాదు.

కరీంనగర్ రైడర్:
అన్ని బళ్లకీ అట్ల కాదు అన్నా. మా మామ బండి బ్యాటరీ డౌన్ అయితే కిక్ కొట్టినా లేవదు.

ఆటో ఎలక్ట్రీషియన్:
అది డీసీ సీడీఐ. దానికి బ్యాటరీ కావాలి. అందుకే 'చాలావాటికి' అన్నాను, 'అన్నిటికీ' అనలేదు.

కరీంనగర్ రైడర్:
మామూలుగా అందరూ దేన్నైనా కరెంటే అంటరు కదా. ఆయన చెప్పింది తప్పేం కాదు.

రిటైర్డ్ ఫిట్టర్:
ఆ చర్చ తర్వాత పెట్టుకోండి. తమ్ముడూ, ప్లగ్ విప్పు. కొస తడిగా ఉందా పొడిగా ఉందా చూడు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది కానీ మండట్లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. తర్వాత ప్లగ్‌కి క్యాప్ తగిలించి, ప్లగ్ మరల భాగం ఇంజిన్ లోహానికి బాగా ఆనించి కిక్ కొట్టు. రబ్బరు క్యాప్ దగ్గరే పట్టుకో, లేకపోతే షాక్ కొడుతుంది. ప్లగ్ తీసిన రంధ్రాన్ని గుడ్డతో మూసి, ప్లగ్‌ని దానికి దూరంగా పెట్టు. అక్కణ్నుంచి పెట్రోలు ఆవిరి వస్తే అంటుకుంటుంది.

మెకానిక్ బామ్మర్ది:
ఇవన్నీ ఎందుకు? ప్లగ్ రంధ్రంలో మూతెడు పెట్రోలు పోసి కొట్టు. లేస్తుంది.

రిటైర్డ్ ఫిట్టర్:
దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. మూతెడు పోస్తే ప్లగ్ తడిసి అసలు సంగతి తెలియకుండా పోతుంది. పైగా ఒలికింది వేడి సైలెన్సర్ మీద పడితే బండితో పాటు మనిషీ కాలతాడు.

అంబాజీపేట కుర్రాడు:
రవ్వ వస్తోందండీ, నీలంగా, టక్ టక్ మని వినిపిస్తోంది కూడా. ప్లగ్ మాత్రం పొడిగా ఉంది. పెట్రోలు వాసనే లేదు.

ఆటో ఎలక్ట్రీషియన్:
అయితే నా పని అయిపోయింది. ఎలక్ట్రికల్ బాగానే ఉంది. వైర్లు ఇంక కదపకు.

రిటైర్డ్ ఫిట్టర్:
బండి చివరిసారి ఎప్పుడు నడిపావు?

అంబాజీపేట కుర్రాడు:
దసరాకి వచ్చినప్పుడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను, ఇక్కడ నడిపేవాళ్లు లేరు. పాకలో కవర్ కప్పి ఉంచాం. అదేమైనా తేడానా?

రిటైర్డ్ ఫిట్టర్:
అదే మొత్తం సంగతి. కార్బురేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది. అందులో మిగిలిన పెట్రోలు నెలల తరబడి ఆవిరై జిగురుగా మారుతుంది. గిన్నెలోకి పెట్రోలు రానిచ్చే నీడిల్ ఆ జిగురుకి అతుక్కుపోతే ట్యాంకు నిండా ఉన్నా చుక్క దిగదు. గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కింద సీసా పెట్టి, పెట్రోలు ట్యాప్ ఆన్‌లో ఉంచి, స్క్రూ వదులు చెయ్యి. ధారగా రావాలి. రాకపోతే ట్యాప్ మూసి, కార్బురేటర్‌కి వచ్చే పైపు పీకి సీసాలో పెట్టి, మళ్లీ ట్యాప్ తిప్పు. పైపులో ధారగా వస్తే ట్యాంకు బాగుంది, తప్పు గిన్నెలో ఉంది. పైపులో కూడా రాకపోతే ట్యాప్ జల్లెడలో తుప్పు పట్టేసింది. పని ఆరుబయట చెయ్యి. రేపు భోగిమంట దగ్గర మాత్రం పెట్టుకోకు.

కెమిస్ట్రీ లెక్చరర్:
నేను మొదట చెప్పింది ఇదే. ఇథనాల్ వల్లే ఆ జిగురు.

పాత బండి:
కాదు సార్. ఇథనాల్ రాక ముందు కూడా వేసవి సెలవులు అయ్యాక బళ్లు ఇలాగే మొరాయించేవి. పెట్రోలు నిలవ ఉంటే జిగురు కడుతుంది. ఇథనాల్ తేమ తెస్తుంది, ఒప్పుకుంటా. రెండూ ఒకటి కావు.

కెమిస్ట్రీ లెక్చరర్:
తేమ వల్ల అల్యూమినియం భాగాల మీద తెల్లటి పొడి కడుతుంది. దాన్నేమంటారు మరి?

అంబాజీపేట కుర్రాడు:
పైపులో ధారగా వస్తోంది. డ్రెయిన్‌లో ఏమీ రావట్లేదు. రెండు చుక్కలు పచ్చగా వచ్చాయి, వాసన కుళ్లు.

రిటైర్డ్ ఫిట్టర్:
సరిగ్గా దొరికింది. డ్రెయిన్ బిగించు, పైపు పెట్టు, ట్యాప్ తెరువు. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె పక్కన మెల్లగా తట్టు. సుత్తి వాడకు, ఆ లోహం పగులుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ డ్రెయిన్ చూడు.

అంబాజీపేట కుర్రాడు:
దిగింది! మూడో కిక్‌కి లేచింది. చోక్ ఉంటేనే నడుస్తోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది.

రిటైర్డ్ ఫిట్టర్:
స్లో జెట్ మూసుకుపోయింది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు, పెట్రోలు వచ్చేది ఆ సన్నని రంధ్రంలోంచే. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ లాగుతుంది కాబట్టి నడుస్తోంది. గిన్నె విప్పి, జెట్ తీసి, కార్బురేటర్ క్లీనర్ కొట్టి, గాలి పట్టించాలి. పిన్నీసుతో పొడవకు, ఇత్తడి రంధ్రం పెద్దదైపోతే మైలేజీ మళ్లీ రాదు. ఒకసారి ఇంజిన్ ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చేదాకా నడపొద్దు.

అంబాజీపేట కుర్రాడు:
ఆయిల్ వాసన మామూలుగానే ఉంది. చోక్ సగం వేసి ఊరంతా తిరిగొచ్చాను, పండక్కి సరిపోతుంది. థాంక్స్ అందరికీ.

రిటైర్డ్ ఫిట్టర్:
చోక్‌తో ఎక్కువ దూరం వద్దు తమ్ముడూ. ప్లగ్ మసి పట్టి మళ్లీ దారిలో ఆగుతుంది. అమ్మగారు వెనక ఉంటారు కదా. కనుమ మర్నాడు షాపులు తెరవగానే జెట్ కడిగించు.

కెమిస్ట్రీ లెక్చరర్:
ఆసక్తి ఉన్నవాళ్లు గాజు సీసాలో పది వంతుల పెట్రోలుకి ఒక వంతు నీళ్లు పోసి, బాగా కలిపి, కదలకుండా ఉంచండి. అడుగు పొర ఒక వంతు నుంచి సుమారు మూడు వంతులకి పెరుగుతుంది. ఇథనాల్ ఎంత ఉందో అప్పుడు మీకే తెలుస్తుంది.

పాత బండి:
ఎంత ఉందో బంకు మీదే రాసి ఉంటోంది సార్. నేనన్నది జిగురు గురించి.

నిడదవోలు అక్క:
మా స్కూటర్ కూడా ఇంతే అన్నయ్యా, నెల రోజులు తీయలేదు. కార్బురేటర్ తట్టమంటారా? 2021 మోడల్.

పాత బండి:
దానికి కార్బురేటర్ ఉండదమ్మా, పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ ఉంటుంది. తట్టొద్దు. తాళం తిప్పగానే సీటు కింద పంపు చప్పుడు వస్తోందా?