కామెంట్ల ఓట్లు: ప్లస్‌లోంచి మైనస్ తీసేస్తే సరిపోదా?

లెన్స్‌మూత:
నమస్తే అండి. కెమెరాల గురించి మాట్లాడుకునే ఒక చిన్న సైట్‌కి కామెంట్ల భాగం నేనే రాస్తున్నాను. పైకి ఓట్లలోంచి కిందికి ఓట్లు తీసేసి, ఎక్కువ మిగిలినదాన్ని పైన చూపిస్తున్నా. తంటా అక్కడే వచ్చింది. కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ మీద దుమ్ము పడితే ఏం చేయాలని ఒకరు అడిగారు. ‘డబ్బా గాలి కొట్టెయ్, పోతుంది’ అని ఒకాయన క్షణాల్లో రాసి పడేశాడు. దానికి పైకి 40, కిందికి 20. సాయంత్రం ఇంకొకరు వచ్చి, ఆ డబ్బాలోని ద్రవం చిమ్మితే సెన్సార్ మీద మరకలు పడతాయి, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్ వాడండి అని వివరంగా చెప్పారు. దానికి 10, సున్నా. మంచి సలహా అడుగునే ఉండిపోయింది. పోనీ శాతం చూద్దామంటే, ఒకే ఒక్క ఓటు పడిన ‘నాదీ ఇదే డౌటు’ కూడా నూటికి నూరుతో పైకెక్కి కూర్చుంటోంది. అసలు కిందికి ఓటు ఉంచాలా, పీకేయాలా?

పాతకాపు:
తీసివేత, శాతం రెండూ వదిలేయండి. గణాంకాల పండితుడు ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన లెక్క ఒకటుంది. సగటుతో వరుస పెట్టొద్దని ఇవాన్ మిల్లర్ 2009లో రాసిన వ్యాసం దాన్ని వెబ్ వాళ్లకు పరిచయం చేసింది. ఎక్స్‌కేసీడీ బొమ్మలు గీసే రాండల్ మన్రో సలహాతో అదే ఏడాది చర్చల సైట్ రెడిట్ తన ‘బెస్ట్’ వరుసకు దాన్నే తీసుకుంది. అది చూసేది ఒకటే: ఇప్పటిదాకా పడిన ఓట్లను బట్టి, ఈ కామెంట్‌ని మెచ్చేవాళ్ల వాటా కనీసం ఎంత ఉండొచ్చు? 95 శాతం నమ్మకంతో మీ అంకెలే వేసి చూశా. 10–0కి 0.72, 40–20కి 0.54, ఆ ఒంటి ఓటుకి 0.21. బ్లోయర్ పైకొచ్చింది, డౌటు అడుక్కి పోయింది.

ఫార్ములా పెట్టాం కదా అని చేతులు దులుపుకోకండి. చాలామంది కామెంట్ కన్నా ముందు అంకె చదువుతారు. 2013లో సైన్స్ పత్రికలో ముచ్నిక్, అరల్, టేలర్ అచ్చేసిన ప్రయోగంలో, కొన్ని కామెంట్లు పడగానే పరిశోధకులే ఒక ఉత్తుత్తి పైకి ఓటు వేశారు. చివరికి వాటి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ఉత్తుత్తి కిందికి ఓటును మాత్రం జనమే సరిదిద్దేశారు. అందుకని మొదటి కొన్ని గంటలు అంకె దాచేయండి. టెక్ వార్తల చర్చా సైట్ హ్యాకర్ న్యూస్‌లో అయితే పక్కవాడి కామెంట్‌కి ఎన్ని వచ్చాయో ఎప్పటికీ కనబడదు.

కిందికి ఓటు ఉంచండి, కానీ ఊరికే ఇవ్వకండి. ప్రోగ్రామర్ల ప్రశ్న-జవాబుల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో దానికి 125 రెప్యుటేషన్ (అక్కడ సంపాదించుకునే పేరు పాయింట్లు) కావాలి, జవాబుకి వేస్తే వేసినవాడి ఖాతాలోంచి ఒకటి పోతుంది. చేతి చమురు వదులుతుందంటే ఎవడైనా ఒకసారి ఆగుతాడు.

నిద్రలేనోడు:
అన్నా, నేను ఒప్పుకోను. వార్తా సైట్ల కామెంట్ల మీద 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, కిందికి ఓట్లు పడ్డవాళ్లు తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కువ రాశారు, ఇంకా నాసిగా రాశారు. యూట్యూబ్ కూడా 2021లో డిస్‌లైక్ అంకె దాచేసింది.

పాతకాపు:
దాచింది అంకెనే తమ్ముడూ, బటన్ ఉంది. నువ్వు చెప్పిన పరిశోధన నాకూ తెలుసు. నా మటుకు నాకు అర్థమైంది, ఎందుకు తిట్టారో చెప్పకుండా తిడితే మనిషి మొండికేస్తాడని. టెక్ వార్తల సైట్ స్లాష్‌డాట్ ఓటుతో పాటు కారణం కూడా ఎంచుకోమనేది. జోక్ అని గుర్తు పెడితే కామెంట్ పైకి పోతుంది గానీ రాసినవాడి ‘కర్మ’ (అక్కడి పేరు పాయింట్లు) పెరగదు. జోకులేసి పెద్దమనిషైపోయే దారి అలా మూసేశారు. లెన్స్‌మూత గారూ, మీకు నాలుగు కారణాలు చాలు, అందులో ‘తప్పు సమాచారం’ తప్పనిసరి.

లెన్స్‌మూత:
థాంక్సండీ, విల్సన్ లెక్క పెట్టేశా. ఇప్పుడింకో చిక్కు. డబ్బా గాలాయన తన కామెంట్ ఎడిట్ చేసి బ్లోయర్ అని మార్చేశాడు! ఆ 20 ఓట్లు ఏం చేయను?

పాతకాపు:
మీరు తుడవకండి. వేసినవాళ్లకు ‘ఇది మారింది’ అని కబురు పంపి, ఓటు మార్చుకోనివ్వండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో వేసిన ఓటు కాసేపటికి బిగుసుకుపోతుంది, పోస్టు ఎడిట్ అయితేనే మళ్లీ కదులుతుంది. పైకి వేసిన 40 మందికీ పంపండి, వాళ్లు మెచ్చుకున్నది డబ్బానే కదా.