అప్‌డేట్: అమ్మ కీమో, నోటి పుండ్లు

రెండో కీమోకి అమ్మ నోరంతా పుండ్లు పడి ముద్ద దిగట్లేదని అడిగాను కదండీ. డాక్టరుగారు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలించమన్నారు. ఇప్పుడు మెత్తగా కలిపిన పెరుగన్నం దిగుతోంది. పులుపూ కారం బంద్. పులస సీజన్లో ఇదేం శిక్షరా అని ఒకటే గొణుగుడు.

మధ్యలో ఓ రాత్రి జ్వరం 101. కీమోలో 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదట, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు పడిపోయి ఉంటాయి కాబట్టి. ఫ్రెండుకి ఫోన్ చేస్తే లుంగీతోనే కారేసుకొచ్చి అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లాడు. యాంటీబయాటిక్స్ ఎక్కించారు, తగ్గింది.

ఇన్ఫెక్షన్ భయం ఉన్నా చూడ్డానికొచ్చేవాళ్లనే ఆపలేకపోయాం. చివరికి పిన్ని గుమ్మంలో కుర్చీ వేసుక్కూచుంది. క్యారేజీలు మాత్రం లోపలికొస్తున్నాయి!

జుట్టు పూర్తిగా పోయింది. "వాడపల్లి వెంకన్న మొక్కు ఇంట్లోనే తీర్చేసుకున్నాడ్రా" అంటోంది అమ్మ. నాలుగో కీమో వచ్చే బుధవారం.