బడికి ఇవ్వాలా, పిల్లలకు ఇవ్వాలా?

గోదారిగట్టు
మొన్న తల్లికి వందనం కింద మా ఇద్దరు పిల్లలకీ తలా 13,000 పడ్డాయి. 15,000లో 2,000 బడి నిర్వహణకు పట్టుకున్నారు. మా పిల్లలు చదివేది ప్రైవేటు బడిలో, అయినా పథకం వర్తిస్తుంది. ప్రైవేటులో చదువుకునే పిల్లలకు ప్రభుత్వమే డబ్బు ఇస్తున్నప్పుడు, సగం ఖాళీగా ఉన్న సర్కారు బళ్లను అదే ప్రభుత్వం సొంతంగా నడపడం దేనికి? చదువుకు డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి కానీ బడి ప్రభుత్వమే నడపనక్కర్లేదని 1955లోనే మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త రాశాడు. తల్లిదండ్రుల చేతికి వోచర్, అంటే ఫీజు కింద చెల్లే ప్రభుత్వ చీటీ, ఇస్తే నచ్చిన బడికి పంపుకుంటారు. 2007 నుంచి ఆరోగ్యశ్రీలో జరుగుతున్నది ఇదే కదా. వైద్యానికి పనికొచ్చిన పద్ధతి చదువుకు ఎందుకు పనికిరాదు?

పంతులమ్మ
ఎందుకు పనికిరాదో మన దగ్గరే తేలింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఈ వోచర్లనే పరీక్షించారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్లను ప్రైవేటు బడికి పంపారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ తేడా లేదు. నేను సర్కారు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను. మాకు చదువు చెప్పడం రాదని చూసినవాళ్లందరూ అంటుంటే కడుపు మండుతుంది.

గోదారిగట్టు
మేడం, మీరు సగమే చెప్పారు. ఆ ప్రైవేటు బళ్లు తెలుగుకూ లెక్కలకూ మీకంటే తక్కువ సమయం పెట్టాయి. మిగిలిన సమయంలో హిందీ లాంటివి చెప్పాయి, హిందీలో పిల్లలు బాగా ముందుకెళ్లారు. ఇదంతా ఒక్కో పిల్లాడికి మీ బడి పెట్టే ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతో చేశాయి. మూడో వంతు! మిగిలిన రెండు వంతులు ఎటు పోతున్నాయో ఎవరైనా చెప్పండి.

సాయంత్రం_ట్యూషన్
నేను చెబుతాను. అవి ఎటూ పోవట్లేదు, నాలాంటివాళ్లకు ఇవ్వకుండా మిగిల్చుకున్న డబ్బది. ప్రైవేటు టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కూడా లేదని ఆ అధ్యయనంలోనే ఉంది. నేను బీఈడీ చేశాను, టెట్ పాసయ్యాను. నా జీతం 11,000, వేసవి సెలవుల్లో అదీ ఉండదు. కరోనాలో బడి మూసినప్పుడు ఉపాధి హామీ పనికి వెళ్లాను. నేను పాఠం చెప్పిన పిల్లల తల్లుల పక్కనే మట్టి తవ్వాను.

రాజు_నెల్లూరు
డీఎస్సీ రాయొచ్చుగా.

సాయంత్రం_ట్యూషన్
2018 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2025లో. ఆ ఏడేళ్లు ఏం తినమంటారు?

గోదారిగట్టు
మీ కష్టం నిజమే, కాదనను. కానీ జీతాల సంగతి వేరు, పిల్లల చదువు సంగతి వేరు.

సాయంత్రం_ట్యూషన్
వేరు కాదు సార్. మీరు చెప్పే మూడో వంతు ఖర్చు అంటే నా జీతమే.

ఓరుగల్లు_బిడ్డ
ఆరోగ్యశ్రీ మాట వచ్చింది కాబట్టి నాదీ వినండి అన్నా. రెండేళ్ల కింద మా బాపుకు ఛాతిల నొప్పి లేస్తే, కార్డు తీసుకుంటరని రాసిపెట్టిన ప్రైవేటు దవాఖానకు తీసుకపోయినం. ప్రభుత్వం నుంచి బిల్లులు రాలేదు, ఇప్పుడు కార్డు మీద చెయ్యం, నగదు కట్టుమన్నరు. కార్డు చేతిలనే ఉంది, పేషెంట్ ఆటోలనే ఉన్నడు. పెద్దాసుపత్రికి పోతే మంచం దొరకలేదు, నేల మీద పండబెట్టిన్రు. కానీ వాపస్ పంపలేదు. బాపు బతికిండు. 2023 డిసెంబర్‌ల మా తెలంగాణల పరిమితి 10 లక్షలకు పెంచిన్రు, మంచిదే. లోపలికే రానియ్యకపోతే ఎన్ని లక్షలుంటే ఏంది?

గోదారిగట్టు
తమ్ముడూ, డబ్బు ఎగ్గొట్టింది ప్రభుత్వం. కొన్నవాడు బాకీ తీర్చకపోతే ఏ దుకాణమైనా ఎన్నాళ్లు అరువిస్తుంది? దానికి మార్కెట్‌ను తిడితే ఎలా?

డాక్టర్_పీజీ
వైద్యాన్ని కూరగాయల బేరంలా చూడలేం. ఏ ఆపరేషన్ కావాలో పేషెంట్‌కు తెలియదు, చెప్పేదీ అమ్మేదీ ఒక్కరే. కెనెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త 1963లో రాసింది దీని గురించే. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద ఎంత గొడవైందో పెద్దవాళ్లకు గుర్తుండాలి.

గోదారిగట్టు
సర్కారులో అయితే అన్నీ సవ్యంగా జరుగుతాయా? మా అమ్మను జ్వరంతో సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్తే ఆరు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. డాక్టరు లేడు. ఊళ్లో తన సొంత క్లినిక్‌లో ఉన్నాడు. మేం ఎక్కడికీ పోలేమని ఆయనకు తెలుసు. వేరే చోటికి వెళ్లే దారి లేనివాడిని ఎవరూ లెక్కచెయ్యరు. అందుకే డబ్బు మనిషి చేతిలో ఉండాలంటున్నాను. మేడం, ఒక్కటడుగుతాను. మీ పిల్లలు ఏ బడిలో చదివారు?

పంతులమ్మ
ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. చెబుతాను. పెద్దమ్మాయి కాన్వెంట్‌లో చదివింది. అవును, నేనే చేర్పించాను.

రాజు_నెల్లూరు
ఇంకేముంది మరి.

పంతులమ్మ
ఆగండి. చిన్నవాడికి చెవులు సరిగా వినపడవు. అదే కాన్వెంట్‌కు తీసుకెళ్లాను, సీట్లు లేవన్నారు. రెండో బడిలో మా టీచర్లకు ట్రైనింగ్ లేదన్నారు. మూడో బడి ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు, రిజల్ట్ పడిపోతుందమ్మా అని. ఫీజు మొత్తం ముందే కట్టేస్తానన్నా వినలేదు. గోదారిగట్టు గారూ, నా దగ్గర డబ్బుంది. మీరిస్తామంటున్న వోచర్ కంటే ఎక్కువే ఉంది. నా కొడుకుకు మాత్రం సీటు దొరకలేదు. ఇప్పుడు వాడు నా బడిలో, ముందు బెంచీలో కూర్చుంటాడు. మీరు ఖాళీ బడి అన్నారు కదా. మా బడిలో ఉన్నది పద్నాలుగు మంది, అందులో ముగ్గురిని బయట ఎవరూ చేర్చుకోలేదు.

గోదారిగట్టు
ఈ సంగతి నాకు తెలియదు మేడం. ఆ ప్రశ్న అలా అడగాల్సింది కాదు, క్షమించండి.
కానీ నా మాట మార్చుకోను. అలాంటి పిల్లలకు రెండింతలో మూడింతలో వోచర్ ఇవ్వాలి. పిల్లల్ని ఏరుకోకూడదని షరతు పెట్టాలి. మీరు చెప్పిన ప్రయోగంలో లాటరీలో వచ్చినవాళ్లను బడి కాదనడానికి వీల్లేదు కదా.

పంతులమ్మ
ప్రయోగం కాబట్టి దగ్గరుండి చూశారు. మామూలు రోజుల్లో చూసేదెవరు? ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకివ్వాలని 2009 చట్టంలోనే ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో అది కదిలింది 2022-23లో, అదీ కోర్టు దాకా వెళ్లాక. ఆ షరతు కాగితం మీద ఉన్న ఆ పదమూడేళ్లలో ఒక పిల్లాడి బడి చదువు మొత్తం అయిపోతుంది. నచ్చకపోతే వదిలి వెళ్లిపోయే వీలు కావాలంటున్నారు మీరు. రావద్దనడానికి వీల్లేని చోటు ఒకటి కావాలంటున్నాను నేను.

గోదారిగట్టు
రావద్దనలేని చోటే మా అమ్మను ఆరు గంటలు కూర్చోబెట్టింది మేడం. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ బెంచీని నేను మర్చిపోలేను.

ఓరుగల్లు_బిడ్డ
మా బాపును పండబెట్టిన నేలను నేనూ మర్చిపోను అన్నా.

సాయంత్రం_ట్యూషన్
మేడం గారి అబ్బాయికి మంచి జరగాలి. కానీ రేపు వోచర్లు వస్తే నా 11,000 పెరుగుతాయా లేదా? పొద్దుటి నుంచి అడుగుతున్నాను, ఒక్కరూ చెప్పలేదు.