కూలెంట్‌లో ఇంజన్ ఆయిల్ కలుస్తోంది: హెడ్ దించాలా, ముందు ఆయిల్ కూలర్ చూడాలా?

నాది 2013 డీజిల్ కారు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న ఖమ్మం నుంచి వచ్చాక కూలెంట్ డబ్బా మూత తీస్తే లోపల గోధుమరంగు జిడ్డు మీగడలా పేరుకుని ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మాత్రం శుభ్రంగానే ఉంది. తెల్ల పొగ లేదు, ఇంజన్ వేడెక్కడం లేదు. మెకానిక్ చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ, దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీల్) పోయింది, హెడ్ దించాలి అన్నారు.

నాకు ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఇంజన్ ఆయిల్‌ను చల్లబరిచే భాగం) మీదే అనుమానం. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ కూలెంట్ కంటే బాగా ఎక్కువ కదా, అందుకే ఆయిల్ కూలెంట్‌లోకి వస్తోంది గానీ కూలెంట్ ఆయిల్‌లోకి పోవట్లేదేమో. కూలర్ ఒక్కటే విప్పి, గాలి పట్టించి, నీళ్లలో ముంచి చూస్తే తేలిపోతుందా? ఎవరైనా అలా చేయించారా?

రేడియేటర్‌లో పట్టిన జిడ్డు దేనితో కడిగిస్తే పోతుంది? రబ్బరు హోస్‌లు మెత్తబడి ఉబ్బాయి, అవీ మార్చాలా? అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లేది ఈ బండిలోనే, చాలా టెన్షన్‌గా ఉంది.